ఎముకను చూపిన విజ్ఞాని – రాంట్జెన్

భీమునిపట్నములో సముద్రమునకు చేరువనే డచ్చివారి పాతసమాధులు కలవు. పదునేడవ శతాబ్దమున వర్తకమునకై వచ్చి, కోట కట్టుకొని, 1825లో ఊరిని ఆంగ్లేయులకు వదలి ఆ జాతివారు వెడలిపోయిరి. వారి దేశమున పెరిగిన ఒక బాలునికి మాత్రము ఈ ఊరివారును, ఎల్ల ఊళ్లవారును నేటికిని ఋణపడియే ఉన్నారు. మామిడికొమ్మ విరిగి క్రిందపడిన పిల్లవాడైనను, పడవ అంచున కాలుజారిన జాలరియైనను విశాఖపట్నము పెద్దాసుపత్రికి చేరినచో, వైద్యుడు తడిమి చూచిన పిమ్మట అతనిని పంపునది ఎక్స్-రే గదికే. ఆ కిరణములను కనుగొన్న విల్హెల్మ్ కాన్రాడ్ రాంట్జెన్ చరిత్రమును మన విద్యార్థులు తెలిసికొనుట మంచిది. పాఠశాలనుండి వెళ్లగొట్టబడినవాడు గనుక, ఉపాధ్యాయులు తెలిసికొనుట మరింత మంచిది.

ఆయనకు ముందు విరిగిన ఎముకను గుర్తించుట యెట్లు? కన్నును చేయియే ఆధారము. వాపు, వంకర, పొట్టియైన అవయవము కంటికి కనబడును. బాగుగానున్న రెండవ చేతితోనో కాలితోనో పోల్చి చూచుట మంచి పద్ధతి. వ్రేలితో ఎముక పొడవునను మెల్లగా నొక్కుచు పోగా, ఒకచోట మాత్రము రోగి కెవ్వుమనును. కీలు లేనిచోట అవయవము కదలిన యెడల సందేహము లేదు. విరిగిన కొనలు ఒరసికొని చేతికి గరగరమని తెలియుటయు గట్టి గుర్తే. కాని ఆ గుర్తుకై కదపి చూచుట రోగికి నరకము. కొన సూదియై రక్తనాళమును చీల్చవచ్చును. మన సుశ్రుతుడు కీలు తొలగుటను ఆరు విధములుగను, ఎముక విరుగుటను పండ్రెండు విధములుగను విభజించి లక్షణములు వ్రాసెను. డబ్లిన్ నగరమున ఏబ్రహాం కోలిస్ అను శస్త్రవైద్యుడు, చేయి ఊని పడినవారికి మణికట్టు వద్ద కలుగు గాయము చాలవరకు కీలు తొలగుట కాదనియు, ఎముక విరుగుటయే యనియు 1814లో బయటి గుర్తులను బట్టియే నిరూపించెను. ఎంత నిశితమైన దృష్టి! అయినను వాపు ముంచుకొని వచ్చిన పిమ్మట అట్టివారికి సైతము అంతయు ఊహయే. ఊహ తప్పిన చేయి వంకరగా అతుకుకొని, బ్రతికినన్నాళ్లు అట్లే ఉండెడిది.

రాంట్జెన్ 1845 మార్చి 27న జర్మనీలోని లెన్నెప్ అను చిన్నపట్టణమున బట్టలవర్తకుని ఏకైక పుత్రుడుగా జన్మించెను. మూడేండ్ల ప్రాయమున తల్లిదండ్రులతో హాలెండులోని ఆపెల్డోర్న్ చేరి అచ్చటనే పెరిగెను. యుట్రెక్ట్ నగరమున చదువుచుండగా, ఒక సహాధ్యాయి ఉపాధ్యాయుని వికృతముగా చిత్రించెను. గీసినది ఎవరో చెప్పుమని రాంట్జెనును గద్దించిరి. అతడు చెప్పలేదు. ఆ నేరమునకు పాఠశాలనుండి తొలగించిరి. గీసినవాడు తప్పించుకొనెను, నోరు విప్పనివాడు దండింపబడెను. ఆ ఉపాధ్యాయుల కోపము నాకు అర్థమగును గాని, దండన మాత్రము న్యాయముగా తోచదు.

దాని ఫలము చాలకాలము వెంటాడెను. యోగ్యతాపత్రము లేనివానికి విశ్వవిద్యాలయపు తలుపులు మూతపడెను. పరీక్షలో నెగ్గినవారిని జూరిచ్ పాలిటెక్నిక్కులో చేర్చుకొందురని విని 1865లో అచ్చటకు పోయి, యంత్రశాస్త్రము చదివి, 1869లో డాక్టరు పట్టము పొందెను. గురువైన కుండ్ట్ వెంట వూర్ట్స్‌బర్గ్ పోగా, పాతలోటును చూపి అచ్చటి విశ్వవిద్యాలయము ఆయనకు బోధకపదవి నిరాకరించెను. స్ట్రాస్‌బర్గ్, గీసెన్ మొదలగుచోట్ల పనిచేసిన పిమ్మట, 1888లో అదే వూర్ట్స్‌బర్గ్ ఆయనను ఆచార్యునిగా పిలిచెను. 1894లో తనకు అధిపతిగా ఎన్నుకొనెను.

1895 నవంబరు 8, శుక్రవారము సాయంకాలము. గాలి తీసివేసిన గాజుగొట్టములో విద్యుత్తును ప్రసరింపజేయుచు ఆయన ఒంటరిగా పరిశోధించుచుండెను. గొట్టమును నల్లని అట్టతో కప్పియుండెను, గది చీకటి. అయినను దూరముననున్న బేరియపు లవణము పూసిన తెర మినుకుమినుకుమని వెలుగుచుండెను. మామూలు వెలుతురు అట్టను దాటిరాదు. మరి వచ్చుచున్నదేమి? ఇతరులును ఇట్టి గొట్టములతో పనిచేసినవారే. కాని ఆ మినుకును పట్టుకొని విడువనివాడు ఈయన ఒక్కడే. వారముల తరబడి తిండి నిద్రలు ప్రయోగశాలలోనే సాగినవి. కాగితము, కొయ్య, మాంసము ఆ కిరణములకు దారి ఇచ్చినవి; సీసము ఇయ్యలేదు. సున్నపుపాలు గల ఎముక వానిని చాలవరకు అడ్డగించి నీడ వేసెను. డిసెంబరు 22న భార్య బెర్తా చేతిని ఛాయాఫలకముపై పదునైదు నిమిషములు ఉంచి చూడగా, వ్రేళ్ల ఎముకలును, ఉంగరమును తేటగా కనబడెను. ఆమె ఆ చిత్రమును చూచి, తన చావును తాను చూచినట్లు భయపడినదందురు. స్వభావము తెలియదు గనుక, ఆయన వానికి ఎక్స్ కిరణములని పేరు పెట్టెను.

డిసెంబరు 28న వ్యాసము అందజేసెను. జనవరిలో లోకమంతయు మారుమ్రోగెను. 1896 ఫిబ్రవరి 3న అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాలలో, మంచుపై జారిపడిన పదునాలుగేండ్ల బాలుని చేతిని ఇరువది నిమిషములు కిరణములకు చూపి, విరిగిన ఎముకను ఫలకముపై పట్టిరి. కిరణములు కనబడి మూడునెలలైనను కాలేదు. ఊహతో కట్టు కట్టు కాలము తీరుచుండెను.

పేటెంటు తీసికొనియుండిన కోటీశ్వరుడు కాదగినవాడు. తీసికొనలేదు. విశ్వవిద్యాలయమున పుట్టిన విద్య అందరిదని ఆయన తలంపు. 1901లో భౌతికశాస్త్రమునకు మొట్టమొదటి నోబెల్ బహుమానము ఆయనకే వచ్చెను. ఆ ధనమును వూర్ట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయమునకే ఇచ్చివేసెను. ఒకప్పుడు పదవి నిరాకరించినది అదియేనని మరువరాదు.

అయితే ఫలకమే సర్వజ్ఞము కాదు. ఒక దిక్కునుండి తీసిన చిత్రములో చీలిక దాగవచ్చును గనుక, ఎదుటినుండి ఒకటి, ప్రక్కనుండి ఒకటి తీయుదురు. దెబ్బకు పైకీలును క్రిందికీలును చిత్రములో పడునట్లు చూతురు. మణికట్టులోని పడవయెముక చీలినచో మొదటిదినమున కనబడకపోవచ్చును. నొప్పి నిలిచియున్నచో కట్టు కట్టియుంచి, పది పదునాలుగు దినములకు మరల తీయుదురు. పిల్లల ఎముకల కొనలలో పెరుగుచుండెడి మృదులాస్థి నల్లగీతవలె కనబడి, విరుగుడేమోయని భ్రమ కలిగించును. నేడు సీటీ, ఎమ్మారై చిత్రములును వచ్చినవి. అయినను నొప్పి ఎచ్చటనో వ్రేలితో నొక్కి తెలిసికొనినవానికే చిత్రము సరిగా పలుకును. కోలిస్ చేయి ఈనాటికిని అవసరమే.

ఈ కిరణములకు ఎముకను చూపు గుణమే కాక, చర్మమును కాల్చు గుణమును కలదని తొలిదినములలో ఎవరును ఎరుగరు. ఎడిసన్ సహాయకుడొకడు ఆ గాయములతోనే 1904లో మరణించెను. రాంట్జెన్ పెద్ద తగరపుపెట్టెలో నిలుచుండి, సీసపుపలక అడ్డముంచుకొని పనిచేసెడివాడు. ఛాయాచిత్రములు చెడకుండుటకు చేసికొన్న ఆ ఏర్పాటు ఆయన ఒంటిని గూడ కాచెను.

1919లో బెర్తా చనిపోయెను. యుద్ధానంతరము జర్మనీలో రూకకు విలువలేక, ఆయన కూడబెట్టినది కరగిపోయెను. 1923 ఫిబ్రవరి 10న మ్యూనిచ్‌లో పేగుల క్యాన్సరుతో కన్నుమూసెను. మన విశాఖపట్నమున వైద్యకళాశాల ఆరంభమైనదియు ఆ సంవత్సరమే. తన ఉత్తరములను, పరిశోధనపత్రములను తగులబెట్టుమని ఆయన ముందే చెప్పియుండుటచేత, బంధుమిత్రులు అట్లే చేసిరి. గీసెన్‌లో తల్లిదండ్రుల చెంత, భార్య చెంత ఆయన సమాధి కలదు.