పొత్తున కట్టిన ఇండ్లు: క్లారెన్స్ జోర్డన్ జీవితము

ఇల్లు కట్టుటయు, పెండ్లి చేయుటయు మనుష్యుని శక్తిని నిగ్గుదేల్చు పనులని తెలుగువారును తమిళులును ఒక్క సామెతనే చెప్పుకొందురు. కలిగినవారికే ఇల్లు కట్టుట కష్టమైనపుడు, అగ్గిపెట్టెల కార్ఖానాలో దినకూలికి పనిచేయు తల్లికిని, వానకు ఎదురుచూచు మెట్టరైతునకును అది ఎంతటి పనియో కోవిల్పట్టి, విరుదునగరము ప్రాంతముల పిల్లలకు మేము వేరుగా చెప్పనక్కరలేదు. అట్టివారు ఒకరి దానమువలన గాక తమ సొంత సొమ్ముతోనే ఇంటి యజమానులు కావలెనన్నచో మార్గమేమి? ఈ ప్రశ్నకు ఒక చక్కని జవాబు చూపిన మహనీయుని చరిత్రను మా విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును ఇచ్చట నివేదించుచున్నాము. ఆయన పేరు క్లారెన్స్ జోర్డన్.

జోర్డన్ 1912 జూలై 29వ తేదీన అమెరికా దేశమున, జార్జియా రాష్ట్రమునందలి టాల్బటన్ అను చిన్న ఊరిలో సంపన్న కుటుంబమున జన్మించెను. జార్జియా దక్షిణ అమెరికా రాష్ట్రములలో ఒకటి యని కొందరు పొరబడుదురు. అది ఉత్తర అమెరికా ఖండమున, సంయుక్త రాష్ట్రముల దక్షిణ భాగమున ఉన్నది. అచ్చటి నేల ఎఱ్ఱనిది, మనది నల్లరేగడి. అయినను ప్రత్తియు వేరుసెనగయు అచ్చటి ముఖ్యమైన పంటలగుటచే మన ప్రాంతపు రైతు ఆ చేలగట్లపై నిలిచినచో పరాయిచోట నున్నట్లు తలపడు. ఆ ప్రత్తిని నాటి ఏరినవారిలో పెక్కుమంది నల్లజాతివారు. వారి పూర్వులు బానిసలు. బానిసత్వము 1865లో చట్టరీత్యా అంతమైనను, వారు పరుల భూమిలో పాలికాపులై, గాలివానలకు నిలువని గుడిసెలలో కాలము గడపుచుండిరి.

బాలుడైన జోర్డన్ ఇంటికి దగ్గరలోనే ఒక ఖైదీల శిబిరము ఉండెను. ఒకనాటి సాయంకాలము ఆ శిబిరపు అధికారి ప్రార్థనాలయమున దైవప్రేమను గూర్చి తన్మయుడై కీర్తన పాడెను. ఆ రాత్రియే అతడు ఒక ఖైదీని చిత్రహింస పెట్టుచుండగా, ఆ ఆర్తనాదమును జోర్డన్ తన పడకపైనుండి వినెను. నోటి మాటకును చేతి పనికిని నడుమనున్న ఈ అగాధము ఆయన మనస్సును జీవితాంతము వీడలేదు.

బీదరైతులకు మేలైన సేద్యము నేర్పవలెనను కోరికతో ఆయన జార్జియా విశ్వవిద్యాలయమున వ్యవసాయశాస్త్రము చదివి 1933లో పట్టభద్రుడయ్యెను. కాని పంట పెరిగినంత మాత్రమున మనుష్యుల నడుమ గోడలు కూలవని తెలిసికొని, కెంటకీ రాష్ట్రమునందలి లూయివిల్ నగరమున మతశాస్త్ర విద్యాలయమున చేరి, గ్రీకు భాషలోని క్రొత్త నిబంధనయందు డాక్టరు పట్టమును పొందెను. 1936లో ఫ్లోరెన్స్ అను నామెను వివాహమాడెను. తరువాతి కష్టములన్నిటిలోను ఆమె ఆయనకు తోడుగా నిలిచెను.

1942లో ఈ దంపతులును, బర్మాలో పనిచేసి వచ్చిన ఇంగ్లండ్ దంపతులును కలిసి, అమెరికస్ అను పట్టణమునకు సమీపమున 440 ఎకరముల బీడుపడిన భూమిని కొని, దానికి కొయినోనియా అని పేరిడిరి. ఈ గ్రీకు మాటకు మన తెలుగున పొత్తు అను మాట చక్కగా అమరును. కలిసి పనిచేయుటయు పొత్తే, కలిసి భుజించుటయు పొత్తే. ఆ క్షేత్రమున నల్లవారును తెల్లవారును సమానమైన కూలి పొంది, ఒకే బల్లకడ కూర్చుండి భుజించిరి. జోర్డన్ పొరుగువారికి కోళ్ళ పెంపకము నేర్పెను. పాడిలేని ఇండ్లకు పాలిచ్చు ఆవును ఎరువుగా ఇచ్చి, అది వట్టిపోయిన పిమ్మట మరల తెచ్చుకొని వేరొక ఆవును ఇచ్చు ఏర్పాటు చేసెను. మనము గ్రంథాలయమున పుస్తకములు తెచ్చుకొన్నట్లు అచ్చట బీదలు ఆవులను తెచ్చుకొనిరి.

ఒకే బల్లకడ భోజనమన్నది ఆ దేశమున ఆ కాలమున ఎంతటి నేరమో మన దేశపు పిల్లలు సులభముగానే గ్రహింపగలరు. 1950లో సమీపముననున్న ప్రార్థనాలయమువారు కొయినోనియా సభ్యులను వెలివేసిరి. 1954లో పాఠశాలలయందు జాతిభేదము చెల్లదని అమెరికా సుప్రీముకోర్టు తీర్పు చెప్పగా, దక్షిణ రాష్ట్రములలో కోపాగ్ని రగిలెను. 1956లో ఇద్దరు నల్లజాతి విద్యార్థులు కళాశాలలో చేరుటకు జోర్డన్ తోడ్పడబోయెను. అంతట ఆ పట్టణమంతయు ఏకమై క్షేత్రమును బహిష్కరించెను. ఎరువులు, విత్తనములు, చమురు అమ్మువారు లేరు. గ్రుడ్లు కొనువారు లేరు. భీమా సంస్థలు ఒప్పందములను రద్దుచేసెను. బాటప్రక్కనున్న వారి అంగడి బాంబులకు ధ్వంసమయ్యెను. రాత్రివేళ పిల్లలు నిద్రించు ఇండ్లపై తుపాకిగుండ్లు కురిసెను.

వారు ప్రతిహింసకు పూనలేదు, ఊరు విడువలేదు. స్థానికముగా కొనువారు లేకపోవుటచే, ఆక్రోటు జాతికి చెందిన పికాన్ కాయల పప్పును, దానితో చేసిన మిఠాయిలను టపాలో దూరదేశములకు పంపి జీవించిరి. 2020లో భౌగోళిక గుర్తింపు పొందిన మన కోవిల్పట్టి వేరుసెనగ మిఠాయి రుచి ఎరిగినవారు ఈ ఉపాయమును మెచ్చుకొనకుండ లేరు. అయినను వత్తిడికి తాళలేక పలువురు వెడలిపోగా, 1960 తరువాత క్షేత్రమున కొద్ది కుటుంబములే మిగిలెను.

ఈ ఏకాంతమున జోర్డన్ పొలము నడుమ ఒక చిన్న పాకలో కూర్చుండి, క్రొత్త నిబంధనను గ్రీకునుండి ప్రత్తిచేలలో పనిచేయువారి వాడుకమాటలలోనికి తెచ్చెను. ఇందలి మొదటి సంపుటము 1968లో వెలువడెను. అందులో యెరూషలేము ఉండవలసినచోట జార్జియా ముఖ్యపట్టణమగు అట్లాంటా ఉండును. చేలలోని మాట చిన్నదికాదని ఆయన నమ్మకము. మన ఇడైసెవల్ గ్రామమున తెలుగింట పుట్టి, నల్లరేగడి నేలలోని పల్లెపలుకులకు నిఘంటువు కూర్చిన కి. రాజనారాయణన్‌గారిని ఎరిగిన మనకు ఈ నమ్మకము విలువ తెలియును.

ఇక ఆయన జీవితమున అంతిమమును, మనకు ముఖ్యమునగు ఘట్టమునకు వత్తము. అలబామాకు చెందిన మిల్లార్డ్ ఫుల్లర్ అను న్యాయవాది ముప్పది యేండ్లు నిండకముందే కోటీశ్వరుడయ్యెను. కాని సంపాదన వేటలో సంసారము చెడుచుండుట చూచి, ఆయనయు ఆయన భార్య లిండాయు ఆస్తిని ధర్మకార్యములకు ధారవోయ నిశ్చయించిరి. 1965లో వారు కొయినోనియాకు వచ్చి జోర్డన్‌ను కలిసికొనిరి. 1968లో ఇద్దరును ఆలోచించి, పొత్తుగృహముల పథకమును ఏర్పరచిరి. క్షేత్రముననే అర ఎకరము చొప్పున 42 ఇంటిస్థలములను విడదీసిరి. ధనికులు దానముగాను, వడ్డీలేని అప్పుగాను ఇచ్చు సొమ్ముతో మానవతానిధి నెలకొల్పిరి. ఆ నిధితో కట్టిన ఇంటిని బీదకుటుంబమునకు అసలు ఖరీదునకే అమ్ముదురు. లాభము లేదు, వడ్డీ లేదు. కుటుంబము నెలనెలా చెల్లించు సొమ్ము మరల నిధిని చేరి, మరియొకరి ఇల్లగును.

ఇందలి బలమును మన విద్యార్థులు లెక్కవేసి చూడవచ్చును. 2,40,000 రూపాయల ఇంటికి ఇరువది యేండ్లు వడ్డీ లేకుండ చెల్లించినచో నెలకు 1,000 రూపాయలు చాలును. నూటికి సాలుకు 9 రూపాయల వడ్డీ అయినచో నెలకు సుమారు 2,160 రూపాయలు కావలెను. మొత్తము 5,18,000 రూపాయలకు చేరును. అనగా వడ్డీ రెండవ ఇంటి ఖరీదును మ్రింగివేయును. వడ్డీలేని పద్ధతిలో ఇరువది కుటుంబములు చెల్లించు సొమ్ముతో ఏడాదికొక క్రొత్త ఇల్లు లేచును. వడ్డీ లేదనగా సొమ్ము ఊరకయే ఇచ్చుట కాదు. గడువు తప్పక చెల్లింపనిచో వెనుకనున్న కుటుంబము గుడిసెలోనే ఉండిపోవును. కనుక పుచ్చుకొనువాడే మరియొకనికి ఇచ్చువాడగును. దానము పుచ్చుకొన్నవాడు తలవంచును, పొత్తుదారుడు తలయెత్తుకొని నడచును. జోర్డన్ ఆలోచనకు ఇదియే కీలకము.

మొదటి ఇల్లు ఇంకను పూర్తికాలేదు. 1969 అక్టోబరు 29వ తేదీన, తన వ్రాతపాకలో పనిచేయుచునే, గుండె ఆగి జోర్డన్ మరణించెను. అప్పటికి ఆయన వయస్సు 57 ఏండ్లు. శవపేటికలను రవాణా చేయుటకు వాడు సామాన్యమైన చెక్కపెట్టెలో ఆయనను ఉంచి, గురుతురాయి లేకుండ ఆ క్షేత్రముననే పాతిపెట్టిరి. పరుల యిండ్ల పునాదులు త్రవ్వించినవాడు తన సమాధికి రాయిని కోరలేదు.

పని ఆగలేదు. ఫుల్లర్ దంపతులు ఆఫ్రికాలోని జైరే దేశమున ఈ పద్ధతిని ప్రయోగించి వచ్చి, 1976లో అమెరికస్ పట్టణముననే హాబిటాట్ ఫర్ హ్యుమానిటీ అను సంస్థను స్థాపించిరి. ఇల్లు పొందు కుటుంబము తాను కూడ ఇటుకలు మోసి, తన చెమటను వాటాగా చెల్లింపవలెనన్నది ఆ సంస్థ నియమము. ఆ ప్రాంతమువాడే, వేరుసెనగ రైతే యైన మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ 1984 నుండి సుత్తి చేతబట్టి ఈ పనిలో పాల్గొనెను. మన దేశమున ఈ సంస్థ తొలిసారిగా 1983లో అడుగిడినది మన తెలుగునేలపైననే. నాటి ఆంధ్రప్రదేశమునను, నేటి తెలంగాణమునను ఉన్న ఖమ్మమునందు. అదియు ప్రత్తి పండు సీమయే యగుట విశేషము.

మదురై నుండి విరుదునగరమునకు వచ్చు దారిలో, తిరుమంగలము దగ్గరనున్న మేలకోట్టైలో తమిళనాడు ప్రభుత్వము 1998లో మొదటి సమత్తువపురమును నెలకొల్పి, వేర్వేరు కులములవారికి ప్రక్కప్రక్కనే నూరిండ్లు కట్టించినది. ఒకే వీధిలో కలిసియుండుట ఇచ్చట ప్రభుత్వము చేతనైనది. జార్జియాలో ప్రభుత్వపు అండ లేకుండ, ఊరంతయు పగబట్టియుండగా, కొద్దిమంది పొరుగువారి పూనికచే జరిగినది. రెండును కావలసినవే. ప్రభుత్వము స్థలమిచ్చి, సంఘము నిధి కూర్చి, కుటుంబము శ్రమయు వాయిదాలును చెల్లించిననాడు ఏ ఒక్కరికిని మోయరాని బరువు ముగ్గురికి తేలికయగును.

విద్యార్థులారా! మీలో కొందరు రేపు ఇంజనీర్లు, బ్యాంకు ఉద్యోగులు, తాపీమేస్త్రులు కాగలరు. మీ సొంత ఇంటికి పునాది తీయునాడు క్లారెన్స్ జోర్డన్‌ను ఒకమారు తలచుకొనుడు. చీటియైనను, సహకార సంఘపు అప్పైనను, పొరుగువాని చేబదులైనను, గడువున చెల్లించు ప్రతి రూపాయియు మీ తరువాత వరుసలో నిలిచియున్నవాని ఇంటికి ఒక ఇటుకయగునని గుర్తుంచుకొనుడు.