ఆపన్నబంధువు లారే

ఇచ్చోడ మీదుగా సాగే 44వ నంబరు జాతీయ రహదారిపై ప్రమాదం జరిగితే, 108 వాహనం క్షతగాత్రులను ఆదిలాబాద్ రిమ్స్ వంటి ఆసుపత్రికి చేరుస్తుంది. అత్యవసర విభాగంలో తొలి చికిత్స ముందు వచ్చినవారికి కాదు, ప్రాణాపాయంలో ఉన్నవారికి. చేయి విరిగి కేకలు వేసేవాడు కొంతసేపు వేచి ఉండవలసి రావచ్చు. ఊపిరాడక, మాట పెగలక పడి ఉన్నవానిని వైద్యులు ముందుగా చూస్తారు. ఈ ధర్మానికి యుద్ధభూమిలో బాట వేసిన మహనీయుడు డొమినిక్ జాన్ లారే.

లారే 1766 జూలై 8న ఫ్రాన్స్ దేశంలోని పిరినీస్ పర్వతప్రాంత గ్రామంలో జన్మించారు. చిన్ననాడే తండ్రిని కోల్పోయి, తూలూజ్ నగరంలో తండ్రి సోదరుని వద్ద శస్త్రవైద్యం అభ్యసించారు. 1792లో సైనిక వైద్యునిగా రైన్ నదీతీరానికి వెళ్లారు. ఆనాడు వైద్యశాలలు రణరంగానికి దూరంగా ఉండేవి. పోరు ముగిసేదాకా క్షతగాత్రులను కదిలించేవారు కాదు. ఆలోగా ఎందరో నెత్తురోడి మరణించేవారు. ఆ దురవస్థకు చలించిన లారే, గుర్రాలు లాగే తేలికబండ్లను రూపొందించి, పోరు సాగుతుండగానే వైద్యులను వారి చెంతకు పంపారు. నేటి అంబులెన్సులకు అవే మూలరూపాలు.

ఆయన నెలకొల్పిన నియమం అంతకన్న గొప్పది. ఎవరికి ముందు వైద్యం చేయాలో నిర్ణయించేది గాయం తీవ్రతే. సేనాని అయినా, సామాన్య సైనికుడైనా, చివరకు శత్రువైనా భేదం లేదు. 1812లో వెలువడిన తన స్మృతులలో ఆయన ఈ నియమాన్ని వివరించారు. అదే ఏడాది రష్యాలోని బొరొడినో యుద్ధంలో ఒక్కరోజులో సుమారు 200 అవయవచ్ఛేదనలు చేశారు.

1815లో వాటర్లూ యుద్ధంలో లారే గాయపడి ప్రష్యా సైనికులకు చిక్కారు. మరణశిక్ష అమలయ్యే సమయంలో, పూర్వం ఆయన ఉపన్యాసాలు విన్న ఒక ప్రష్యా వైద్యుడు గుర్తుపట్టి అడ్డుపడ్డాడు. ప్రష్యా సేనాని బ్లూషర్ ఆయనను విడిపించాడు. గతంలో ఫ్రెంచివారికి బందీగా చిక్కిన బ్లూషర్ కుమారుని ప్రాణం నిలిపినది లారేయే. పక్షపాతం ఎరుగని వైద్యం ఆ వైద్యునికే ప్రాణరక్షణ అయింది.

నెపోలియన్ తన వీలునామాలో లారేకు లక్ష ఫ్రాంకులు రాసి, తానెరిగినవారిలో ఆయనంతటి ధర్మాత్ముడు లేడని కొనియాడాడు. 1842 జూలై 25న లారే లియోన్ నగరంలో కన్నుమూశారు.

తరువాతి కాలంలో ఈ పద్ధతికి ట్రయాజ్ అనే పేరు స్థిరపడింది. ఆ ఫ్రెంచి పదానికి ఏరి వేరుచేయడం అని అర్థం. నేడు చాలా ఆసుపత్రులు రోగులను ఎరుపు, పసుపు, ఆకుపచ్చ వర్గాలుగా విభజిస్తాయి. ఎరుపు వర్గానికి క్షణం కూడా జాప్యం తగదు. ఆకుపచ్చ వర్గంవారు వేచి ఉండగలరు. అక్కడ నిరీక్షించడం నిరాదరణ కాదు. మన వంతు ఆలస్యమైందంటే, మనకంటె ఆపదలో ఉన్న ప్రాణి ఎవరో లోపల ఉన్నారని గ్రహించడమే సంస్కారం.