మన్యం వీరుడు చట్టం తప్పారా?



ఈసారి మన గోడ పత్రికకి అల్లూరి సీతారామరాజు గారి గురించి రాస్తున్నాను. 2022లో పాడేరు కేంద్రంగా వచ్చిన జిల్లాకి ఆయన పేరే పెట్టారు. విశాఖ బీచ్ రోడ్డులో విగ్రహం ఉంది. కానీ ఆయన చేసినవి ఆనాటి చట్టం ప్రకారం నేరాలే కదా. మంచి కోసమైతే నాయకుడు చట్టం దాటొచ్చా అని నాకు చాలా రోజుల్నుంచి అనుమానం.

రాజు గారు 1897 జూలై 4న భీమిలి దగ్గర పాండ్రంగిలో పుట్టారు. మన కొండవాళ్ళు కాదు. చిన్నప్పుడే నాన్న పోయారు. విశాఖ ఏ.వి.ఎన్. కాలేజీలో కొన్నాళ్ళు చదివి మానేశారు. తర్వాత సన్యాసిలాగా మన్యం వచ్చి ఉండిపోయారు. మొదట్లో గాంధీ గారి దారే. ఖద్దరు కట్టేవారు, తాగుడు మానమనేవారు, తగువులు కోర్టుకి పోకుండా పంచాయితీలో తీర్చుకోమనేవారు.

అప్పటికి 1882 మద్రాసు అటవీ చట్టం ఉంది. పోడు కొట్టినా, కట్టెలు తెచ్చినా నేరం. ఆ చట్టం రాసేటప్పుడు మన పెద్దల్ని ఎవరూ అడగలేదు. అడిగినా ఇంగ్లీషులో ఉన్నది వాళ్ళు చదవలేరు. నర్సీపట్నం నుంచి లంబసింగి రోడ్డు వేసేటప్పుడు గూడెం డిప్యూటీ తాసీల్దారు బాస్టియన్ మనవాళ్ళ చేత పని చేయించి కూలి సరిగా ఇవ్వలేదు. ఫిర్యాదులు వెళ్ళినా అతని మీద చర్య లేదు. అంటే చట్టం మనకి మాత్రమే, అతనికి కాదు అన్నమాట.

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడి చేశారు. మొత్తం 26 తుపాకులు, 2,500 తూటాలు దొరికాయి. నాకు బాగా నచ్చిన సంగతి ఇదే. ఏమేం తీసుకున్నారో స్టేషను పుస్తకంలోనే రాసి, కింద సంతకం పెట్టారు! దొంగ ఎక్కడైనా సంతకం పెడతాడా? తర్వాత కూడా ముందు కబురు పంపి మరీ వచ్చేవారంట. దాన్నే మిరపకాయ టపా అంటారు.

సెప్టెంబరు 24న దామనపల్లి ఘాటులో దేశం పోలీసుల్ని వెళ్ళనిచ్చి, స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు దొరల్ని కాల్చేశారు. ఇది చదివితే నాకు మనసు కొంచెం అదోలా అవుతుంది. వాళ్ళకీ ఇంటి దగ్గర అమ్మలు ఉంటారు కదా. గాంధీ గారు కూడా తర్వాత రాజు గారి ధైర్యాన్ని మెచ్చుకున్నారు గాని తుపాకి దారిని ఒప్పుకోలేదు.

రెండేళ్ళు పోరాటం నడిచింది. మలబారు పోలీసులు, అస్సాం రైఫిల్స్ దిగారు. ఊళ్ళ వాళ్ళు నలిగిపోయారు. 1924 మే నెలలో రాజు గారు మంప దగ్గర దొరికారు. మే 7న కొయ్యూరులో మేజర్ గుడాల్ ఆయన్ని కాల్పించాడు. పారిపోబోయాడని రాసుకున్నారు. కోర్టు లేదు, జడ్జి లేడు. చట్టం చట్టం అన్నవాళ్ళే ఒక్క రోజు కూడా విచారణ చెయ్యలేదు. సమాధి కృష్ణదేవిపేటలో ఉంది.

మంచి ఫలితం వచ్చింది కాబట్టి ఆయన చేసింది రైటు అని మా క్లాసులో కొందరు అంటారు. కానీ ఫలితం ఎక్కడ వచ్చింది? అడవి చట్టం అలాగే ఉండిపోయింది. మా తాత కూడా పోడు కొడితే గార్డు కేసు రాస్తాడని భయపడుతూ బతికాడు. అడవి హక్కుల చట్టం 2006లో గాని రాలేదు. ఫలితం బట్టి చూస్తే రాజు గారు ఓడిపోయినట్టే. నేను అలా చూడను. చెప్పుకోవడానికి చోటు లేకే ఆయన చట్టం దాటారు. దాటినా చాటుగా దాటలేదు, పేరు రాసి దాటారు, ప్రాణం ఇచ్చారు. ఇప్పుడు మనకి ఓటుంది, కోర్టుంది, చదువుంది. ఇప్పటి నాయకుడెవరైనా మంచి కోసమే అని చట్టం పక్కన పెడితే, ఆయన సంతకం ఏ పుస్తకంలో ఉందో అడగాలనిపిస్తుంది.

ఇంకో సంగతి. రాజు గారి పక్కనున్న గాం గంటందొర పోరాటంలోనే చనిపోయారు. ఆయన తమ్ముడు మల్లుదొరకి ఉరిశిక్ష వేసి, తర్వాత అండమాను జైలుకి మార్చారు. ఆ మల్లుదొర గారే 1952 ఎన్నికల్లో విశాఖపట్నం నుంచి గెలిచి లోక్‌సభకి, అంటే చట్టాలు చేసే చోటికి, వెళ్ళారు.