నందలాల్ బోస్

నందలాల్ బోస్ (డిసెంబరు 3, 1882 - ఏప్రిల్ 16, 1966) ఆధునిక భారతీయ చిత్రకళకు పునాదులు వేసిన చిత్రకారులలో ఒకడు. శాంతినికేతన్‌లోని కళాభవన్‌కు సుమారు మూడు దశాబ్దాలపాటు అధిపతిగా ఉన్నాడు. భారత రాజ్యాంగ మూలప్రతిని చిత్రాలతో అలంకరించినవాడుగా సుప్రసిద్ధుడు. ఈయన బౌద్ధుడు కాడు. రామకృష్ణ పరమహంస భక్తుడు. అయినప్పటికీ స్తూపం, పద్మం, బోధివృక్షం, హంస మొదలైన బౌద్ధ చిహ్నాలను ప్రాచీన గుహల గోడల నుండి ఇరవయ్యవ శతాబ్దపు చిత్రకళలోనికి తెచ్చినవారిలో ఈయన ముఖ్యుడు.

బాల్యం, విద్యాభ్యాసం

నందలాల్ బీహారులోని ముంగేరు జిల్లా హవేలీ ఖరగ్‌పూర్‌లో ఒక బెంగాలీ కుటుంబంలో జన్మించాడు. తండ్రి పూర్ణచంద్ర బోస్ దర్భంగా సంస్థానంలో ఉద్యోగి. తల్లి క్షేత్రమణీదేవి బొమ్మలు చేయడంలో నేర్పరి. ఊరిలోని కుమ్మరులు మట్టితో ప్రతిమలు చేస్తుండగా చూచి, బాలుడైన నందలాల్ కూడా అటువంటివి చేసేవాడు. ఎనిమిదేళ్ల వయసులో తల్లిని కోల్పోయాడు.

పై చదువులకు కలకత్తా వెళ్లినా కళాశాల చదువులో రాణించలేదు. చివరకు 1905లో కలకత్తా ప్రభుత్వ చిత్రకళా పాఠశాలలో అవనీంద్రనాథ్ ఠాగూరుకు శిష్యుడయ్యాడు. గాయపడిన హంసను ఆదుకొనే సిద్ధార్థుని చిత్రం ఈయన తొలి రచనలలో ఒకటి. ఆనంద కుమారస్వామి, సోదరి నివేదిత కలిసి రచించగా 1913లో వెలువడిన హిందూ, బౌద్ధ పురాణగాథల గ్రంథానికి చిత్రాలు వేసినవారిలో ఈయన కూడా ఉన్నాడు.

అజంతా, బాగ్ గుహలు

1909-10 శీతకాలంలో ఆంగ్ల చిత్రకారిణి లేడీ హెరింగ్‌హామ్ అజంతా కుడ్యచిత్రాలకు నకళ్లు తీయిస్తున్నది. నివేదిత ప్రోత్సాహంతో నందలాల్ ఆ బృందంలో చేరాడు. అజంతా అప్పుడు నిజాం పాలనలోని హైదరాబాదు రాజ్యంలో ఉండేది. నాటికే చాలా చిత్రాలు పెచ్చులూడి, రంగులు మాసి ఉన్నాయి. అంతకుముందు ఇతరులు ఏళ్ల తరబడి శ్రమించి తీసిన నకళ్లు లండన్‌లో 1866, 1885 సంవత్సరాలలో జరిగిన అగ్నిప్రమాదాలలో చాలావరకు కాలిపోయాయి. కనుక చిత్రాలు పూర్తిగా చెడిపోకముందే మళ్లీ నకళ్లు తీయవలసి వచ్చింది.

ఈ పని నందలాల్‌కు రెండవ పాఠశాల వంటిది. చేతివేళ్ల వంపును, అలంకారాలలోని తామరతీగలను గీత గీతగా తిరిగి గీయడం వలన ఆ గీత ఆయన చేతికి పట్టుబడింది. 1921లో గ్వాలియర్ సంస్థానంలోని బాగ్ గుహలలోనూ సహచరులతో కలిసి నకళ్లు తీశాడు.

శాంతినికేతన్

1919లో రవీంద్రనాథ్ ఠాగూరు కళాభవన్‌ను ప్రారంభించి నందలాల్‌ను ఆహ్వానించాడు. అవనీంద్రనాథ్‌కు తన ప్రియశిష్యుడు కలకత్తా విడిచిపోవడం ఇష్టం లేదు. గురువు మాట కాదనలేక నందలాల్ ఒకసారి వెనుకకు వచ్చి, తరువాత శాంతినికేతన్‌లోనే స్థిరపడ్డాడు. 1922 నుండి 1951 వరకు కళాభవన్‌కు అధిపతిగా పనిచేశాడు. 1924లో రవీంద్రనాథ్‌తో చైనా, జపాన్ పర్యటించి అక్కడి సిరాచిత్రాలను పరిశీలించాడు.

కళాభవన్‌లో చిత్రలేఖనంతోపాటు నేత, బాతిక్, తోలుపని, ముగ్గులు మొదలైన చేతిపనులకు కూడా స్థానం ఉండేది. చిత్రకళ ఎక్కువ, చేతిపని తక్కువ అనే భేదాన్ని ఈయన అంగీకరించలేదు. 1938లో హరిపుర కాంగ్రెసు మహాసభకు గాంధీజీ కోరికపై శిష్యుల సహాయంతో సుమారు 400 చిత్రాలను చేతికాగితంపై మట్టిరంగులతో రూపొందించాడు. వాటిలో గ్రామీణుల పనిపాటలే ముఖ్య విషయం.

1935లో శిష్యుడు రామ్‌కింకర్ బైజ్ శాంతినికేతన్‌లో చెట్ల మధ్య సన్నగా, పొడవుగా ఉన్న ఒక స్త్రీమూర్తిని నిర్మించాడు. ఆమె తలపై పాత్ర పెట్టమని నందలాల్ సూచించాడని చెబుతారు. ఆ పాత్రతో ఆ మూర్తి బుద్ధునికి పాయసం సమర్పించిన సుజాత అయింది. ఒక చిన్న చిహ్నం ఒక రూపానికి అర్థాన్ని ఎలా ఇస్తుందో తెలుసుకొనడానికి ఇది మంచి ఉదాహరణ.

నటీర్ పూజ

రవీంద్రనాథ్ 1926లో రచించిన నటీర్ పూజ నాటకానికి ఒక బౌద్ధ గాథ ఆధారం. అజాతశత్రువు పాలనలో స్తూపపూజ నిషిద్ధమవుతుంది. శ్రీమతి అనే రాజనర్తకిని స్తూపం ఎదుట నాట్యం చేయమని ఆజ్ఞాపిస్తారు. పూజను అవమానించడమే ఆ ఆజ్ఞ ఉద్దేశం. ఆమె ఆభరణాలను ఒక్కొక్కటిగా విడిచి, నాట్యాన్నే పూజగా మార్చి ప్రాణాలు కోల్పోతుంది. శాంతినికేతన్ ప్రదర్శనలో శ్రీమతి పాత్రను నందలాల్ కుమార్తె గౌరి ధరించింది. 1942లో శాంతినికేతన్‌లోని చీనాభవన్ గోడపై, తరువాత బరోడాలోని కీర్తిమందిరంలో నందలాల్ ఈ కథను కుడ్యచిత్రంగా వేశాడు. ఇందులో స్తూపం అలంకారం మాత్రమే కాదు, ఒక స్త్రీ ప్రాణం కంటె మిన్నగా భావించిన విశ్వాసానికి గుర్తు.

రాజ్యాంగ చిత్రాలు

చేతితో వ్రాసిన రాజ్యాంగ మూలప్రతికి నందలాల్, ఆయన శిష్యులు చిత్రాలు వేశారు. ఐదవ భాగం మొదట బుద్ధుని జీవిత ఘట్టం, ఏడవ భాగం మొదట అశోకుని ధర్మప్రచారం, పదవ భాగం మొదట నలందా విశ్వవిద్యాలయం కనిపిస్తాయి. ఏడవ భాగం 'బి' తరగతి రాష్ట్రాలకు సంబంధించినది. నాటి హైదరాబాదు వాటిలో ఒకటి. 1956లో ఏడవ సవరణతో ఆ భాగం రద్దయింది. కాని అశోకుని చిత్రం మూలప్రతిలో అలాగే నిలిచి ఉంది.

శిష్యులు, గౌరవాలు

వినోద్ బిహారీ ముఖర్జీ, రామ్‌కింకర్ బైజ్ ఈయన శిష్యులలో ప్రముఖులు. చిత్తూరు జిల్లాలో జన్మించి ముద్రణచిత్రకళలో అంతర్జాతీయ ఖ్యాతి పొందిన కృష్ణారెడ్డి (1925-2018) కూడా 1940లలో కళాభవన్‌లో చదువుకున్నాడు.

నందలాల్‌కు 1954లో పద్మవిభూషణ్ పురస్కారం లభించింది. 1966లో మరణించాడు. 1972 నాటి పురావస్తు, కళానిధుల చట్టం కింద ఈయన చిత్రాలు కళానిధులుగా గుర్తింపు పొందాయి. వాటిని అమ్మకానికి విదేశాలకు తరలించరాదు. ఒకప్పుడు చెడిపోతున్న గోడచిత్రాలను కాపాడడానికి నకళ్లు తీసిన చిత్రకారుని రచనలే తరువాత దేశం కాపాడుకొనవలసిన సంపదలో చేరాయి.