చెరువు ఎందుకు ఎండిందో చెప్పిన దొరబిడ్డ

అడవి నరికితే ఊటలు తగ్గుతాయని, ఊటలు తగ్గితే చెరువు ఎండుతుందని ఇవాళ బడికి వెళ్లే పిల్లలు కూడా చెబుతారు. రెండు వందల ఏళ్ల కిందట ఈ సంగతిని స్వయంగా చూసి, కొలిచి, పుస్తకంలో రాసిన వారు బహు కొద్దిమంది. వారిలో ముందు చెప్పుకోవలసిన పేరు అలెగ్జాండర్ వాన్ హంబోల్ట్. ఆయన జర్మనీ దేశస్థుడు. కలవారింట పుట్టారు. వచ్చిన ఆస్తినంతా ప్రకృతిని తెలుసుకోవడానికి, తెలిసిందాన్ని నలుగురికీ చెప్పడానికి ఖర్చు చేశారు. చనిపోయేనాటికి చేతిలో ఏమీ మిగలలేదు.

మందుల కొట్టు కుర్రవాడు

హంబోల్ట్ 1769 సెప్టెంబరు 14న బెర్లిన్ నగరంలో జన్మించారు. అప్పటికి జర్మనీ ఒక్క దేశం కాదు. బెర్లిన్ ప్రష్యా రాజ్యానికి రాజధాని. తండ్రి సైన్యంలో అధికారి, రాజుగారి కొలువులో పలుకుబడి ఉన్నవాడు. తల్లి బాగా ఆస్తిపరురాలు. తొమ్మిదో ఏటనే తండ్రి పోయారు. తల్లి ఇంట్లోనే పంతుళ్లను పెట్టి ఇద్దరు కొడుకులకూ చదువు చెప్పించారు. అన్న విల్‌హెల్మ్ తర్వాత గొప్ప భాషా పండితుడయ్యారు. బెర్లిన్ విశ్వవిద్యాలయ స్థాపనకు మూలపురుషుడు ఆయనే.

తమ్ముడికి మాత్రం చిన్ననాటి నుంచీ తోటలు, డొంకలు తిరగడమే పని. ఆకులు, పురుగులు, రాళ్లు, గవ్వలు జేబుల నిండా పోసుకుని ఇంటికి వచ్చేవారు. ఇంటివారు ఆయనకు మందుల కొట్టు కుర్రవాడని ముద్దుపేరు పెట్టారు. దేశాలు తిరగాలన్న కోరిక అప్పుడే పుట్టింది. కొడుకు సర్కారు కొలువు చేయాలన్నది తల్లి పట్టుదల. తల్లి మాట కాదనలేక ఆయన గనుల చదువు చదివారు. 1792లో 22 ఏళ్ల వయసుకే ప్రష్యా గనుల శాఖలో ఉద్యోగంలో చేరారు.

అధికారి అయినా గట్టు మీద నిలబడి అజమాయిషీ చేయలేదు. తానే గనుల్లోకి దిగారు. కూలీలు విషవాయువులకు ఊపిరాడక చనిపోవడం చూసి, గాలి సరిగా లేని చోట కూడా వెలిగే దీపాన్ని, ముక్కుకు, నోటికి తగిలించుకునే గాలి తొడుగును తయారు చేశారు. ఆ దీపాన్ని పరీక్షించబోయి ఒకసారి గనిలోనే స్పృహ తప్పి పడిపోయారు. 1793లో స్టేబెన్ అనే ఊళ్లో గని కార్మికుల కోసం ఉచిత పాఠశాల తెరిచారు. దానికి మొదట డబ్బు పెట్టింది ఆయనే.

ఉద్యోగానికి స్వస్తి

1796లో తల్లి చనిపోయారు. పెద్ద ఆస్తి చేతికి వచ్చింది. మరొకరైతే మేడలో కాలుమీద కాలేసుకుని బతికేవారు. హంబోల్ట్ ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి ప్రయాణానికి సిద్ధమయ్యారు. పారిస్‌లో బోన్‌ప్లాన్ అనే ఫ్రెంచి వైద్యుడు పరిచయమయ్యారు. ఆయనకు మొక్కల శాస్త్రంలో మంచి పట్టు ఉంది. ఆ రోజుల్లో దక్షిణ అమెరికాలో చాలా భాగం స్పెయిన్ ఏలుబడిలో ఉండేది. పరాయి దేశస్థులను అక్కడ అడుగు పెట్టనిచ్చేవారు కాదు. ఇద్దరూ స్పెయిన్ రాజును కలిసి అనుమతి సంపాదించారు. ఖర్చు మొత్తం హంబోల్ట్‌దే. 1799 జూన్‌లో ఓడ ఎక్కారు. జూలై 16న ఇప్పటి వెనిజులాలోని కుమనా రేవులో దిగారు.

కుమనాలో వారు దిగిన ఇల్లు ఊరి నడిబొడ్డున ఉంది. ఎదురుగా ఉన్న మైదానంలో ఆఫ్రికా నుంచి పట్టి తెచ్చిన మనుషులను అమ్మేవారు. సంతలో గొడ్డును కొనేవాడు పళ్లు చూసినట్టు, కొనడానికి వచ్చినవారు ఆ మనుషుల నోళ్లు తెరిచి పళ్లు చూసేవారు. అది కళ్లారా చూసిన హంబోల్ట్ బానిసత్వానికి జీవితాంతం విరోధి అయ్యారు.

వలెన్సియా చెరువు కథ

1800 మొదట్లో ఆయన అరాగువా లోయకు వెళ్లారు. అక్కడ వలెన్సియా అనే పెద్ద సరస్సు ఉంది. చుట్టూ నీలిమందు, చెరకు, పత్తి, కోకో తోటలు. రైతులకు ఒకటే దిగులు. ఏటేటా నీరు వెనక్కి పోతోంది. ఒకప్పటి లంకలు మెట్టలైపోయాయి. చెరువు అడుగున ఎక్కడో సొరంగం ఉందని, నీరంతా దాని గుండా జారిపోతోందని వారి అనుమానం.

హంబోల్ట్ చెరువు చుట్టూ తిరిగారు. అందులో కలిసే వాగులను పరిశీలించారు. ఎండకు ఎంత నీరు ఆవిరవుతుందో లెక్క కట్టారు. రైతులను అడిగి పాత సంగతులు తెలుసుకున్నారు. సొరంగమేమీ లేదని తేల్చారు. కారణాలు రెండు. తోటల కోసం కొండల మీది అడవి నరికేశారు. చెరువులోకి రావలసిన వాగులను పొలాలకు మళ్లించారు.

అడవి ఉన్నప్పుడు చెట్ల నీడ, రాలిన ఆకు, వేళ్లు వాన నీటిని పట్టి ఉంచుతాయి. ఆ నీరు నెమ్మదిగా నేలలోకి ఇంకి ఊటలై ఏడాది పొడవునా వాగుల్లో పారుతుంది. చెట్లు పోతే అదే వాన వరదై మీద పడుతుంది, మట్టిని కోసుకుపోతుంది. వాన వెలిసిన కొద్ది రోజులకే వాగు ఎండిపోతుంది. ఈ వివరమంతా ఆయన రాశారు. ఇలా చేస్తే రాబోయే తరాలవారు కట్టెలకూ నీళ్లకూ కూడా కటకటలాడతారని హెచ్చరించారు.

ఈ కథకు తర్వాతి భాగం కూడా ఉంది. 1820లలో బూసాంగో అనే ఫ్రెంచి శాస్త్రవేత్త అదే చెరువును చూశారు. నడుమ స్వాతంత్ర్య యుద్ధాలు వచ్చి చాలా తోటలు బీడు పడ్డాయి. అడవి మళ్లీ పెరిగింది. వాగులు తిరిగి చెరువులోకి పారాయి. నీటిమట్టం పెరిగింది. హంబోల్ట్ చెప్పిన దానికి ఇది బలమైన సాక్ష్యమైంది.

నది, కొండ, ఎరువు

అక్కడి నుంచి ఒరినోకో నది మీద దోనెలో వెయ్యి మైళ్లకు పైగా ప్రయాణించారు. దోమలు పగలూ రాత్రీ పీక్కుతినేవి. ఒరినోకోను, అమెజాన్ ఉపనదిని కలిపే కసికియారే కాలువను చూసి, దాని స్థానాన్ని లెక్క కట్టి పటంలో గుర్తించారు. దారి చూపింది, దోనె నడిపింది అక్కడి ఆదివాసులే. ఈ ప్రయాణంలోనే ఆయన వల్ల ఒక తప్పు జరిగింది. ఒక గుహలో ఆదివాసులు దాచుకున్న తమ పెద్దల ఎముకలను, వారికి బాధ కలుగుతుందని తెలిసి కూడా, పరిశోధన పేరుతో తీసుకెళ్లారు.

1802 జూన్ 23న ఇప్పటి ఈక్వెడార్ దేశంలోని చింబొరాజో కొండ ఎక్కారు. ప్రపంచంలో అంతకన్న ఎత్తయిన కొండ లేదని అప్పట్లో యూరపువారి నమ్మకం. పైకి పోయేకొద్దీ గాలి పలచబడింది. చిగుళ్ల నుంచి రక్తం కారింది. శిఖరం చేరకుండా పెద్ద అగాధం అడ్డం వచ్చింది. అయినా ఆయన లెక్క ప్రకారం 19 వేల అడుగులు దాటారు. అంత ఎత్తు ఎక్కినవారు యూరపులో అప్పటికి లేరు. కింద తాటి జాతి చెట్లు, పైకి వెళితే వేరే చెట్లు, ఆపైన గడ్డి, చివరికి రాతిని పట్టుకుని బతికే నాచు, ఆ తర్వాత మంచు. ఏ ఎత్తులో ఎంత చలి, ఏ మొక్క అన్నది ఒకే బొమ్మలో చూపించారు. మొక్కకూ, నేలకూ, గాలికీ, నీటికీ, మనిషికీ లంకె ఉందని, ఒకటి కదిలితే మిగిలినవీ కదులుతాయని ఆయన చెప్పిన పాఠం.

పెరూ తీరంలో రైతులు పక్షుల రెట్టను పొలాలకు ఎరువుగా వేయడం ఆయన చూశారు. తరతరాలుగా వారికది తెలిసిన సంగతే. హంబోల్ట్ ఆ ఎరువు నమూనాలను యూరపుకు తెచ్చి రసాయన శాస్త్రవేత్తల చేత పరీక్ష చేయించారు. 1840ల నాటికి ఆ ఎరువు ఓడలకొద్దీ యూరపుకు చేరసాగింది. రసాయన ఎరువులకు దారి వేసిన లీబిగ్‌కు యువకుడిగా ఉన్నప్పుడు 1824లో గీసెన్ విశ్వవిద్యాలయంలో ఉద్యోగం రావడానికి కూడా హంబోల్ట్ సిఫారసే కారణం.

మన దేశానికి రాలేకపోయారు

1804లో 60 వేల దాకా మొక్కల నమూనాలతో తిరిగి వచ్చారు. పారిస్‌లో ఉండి రెండు దశాబ్దాలకు పైగా శ్రమించి సుమారు 30 సంపుటాలు ప్రచురించారు. అచ్చు ఖర్చులకే మిగిలిన ఆస్తి హరించుకుపోయింది.

హిమాలయాలు చూడాలన్నది ఆయన పెద్ద కోరిక. అప్పట్లో మన దేశం ఈస్టిండియా కంపెనీ చేతిలో ఉంది. ఆయన లండన్ వెళ్లి పలుమార్లు ప్రయత్నించారు. కంపెనీ అనుమతి ఇవ్వలేదు. స్పెయిన్ దొరల దుర్మార్గాలను పుస్తకాల్లో బయటపెట్టిన మనిషి వస్తే తమ గుట్టు కూడా రట్టు చేస్తాడని కంపెనీ జంకిందని చరిత్రకారుల అభిప్రాయం. ఎన్నో ఏళ్ల తర్వాత, 1854లో, ఆయన సిఫారసుతో ష్లాగింట్‌వైట్ సోదరులు ముగ్గురు మన దేశానికి వచ్చి దక్కను మీదుగా ప్రయాణించి హిమాలయాల దాకా పరిశోధనలు చేశారు.

హిమాలయాలు దక్కకపోయినా 1829లో, అరవయ్యో పడి దగ్గరపడ్డ వయసులో, రష్యా చక్రవర్తి పిలుపుపై సైబీరియా దాకా తిరిగి వచ్చారు. 1843లో వెలువడిన పుస్తకంలో, అడవుల నరికివేత, నీటి మళ్లింపు, కర్మాగారాల నుంచి వెలువడే ఆవిరి, వాయువులు వాతావరణాన్ని మారుస్తాయని రాశారు.

కూలీకీ రాజుకీ ఒకే పాఠం

చేతిలో డబ్బు నిండుకోవడంతో 1827లో బెర్లిన్ చేరి రాజుగారి కొలువులో కుదురుకున్నారు. ఆ ఏడాది చలికాలంలో ప్రకృతి శాస్త్రంపై ఉచిత ఉపన్యాసాలు మొదలుపెట్టారు. రాజకుటుంబం వారు, బండ్లు తోలేవారు, విద్యార్థులు, పనివారు, విశ్వవిద్యాలయంలో ప్రవేశం లేని ఆడవారు కలిసి కూర్చుని విన్నారు. ఆ ఉపన్యాసాలే పెరిగి కోస్మోస్ అనే గ్రంథమయ్యాయి. మొదటి సంపుటం 1845లో వచ్చింది. అప్పటికి ఆయనకు 75 ఏళ్లు.

బానిసత్వం మీద పోరు కూడా ఆపలేదు. క్యూబా గురించి ఆయన రాసిన పుస్తకాన్ని 1856లో అమెరికాలో ఇంగ్లీషులో అచ్చువేస్తూ, బానిసత్వాన్ని ఖండించిన అధ్యాయాన్ని తీసేశారు. 86 ఏళ్ల ముసలివాడు పత్రికల్లో బహిరంగంగా నిరసన తెలిపారు. ప్రష్యా గడ్డ మీద కాలు పెట్టిన బానిస ఆ క్షణమే స్వతంత్రుడవుతాడని 1857లో వచ్చిన చట్టం వెనుక ఆయన పట్టుదల ఉంది.

1859 మే 6న 89వ ఏట హంబోల్ట్ బెర్లిన్‌లో కన్నుమూశారు. ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. ఇంట్లో మిగిలిన వస్తువులు ఏళ్ల తరబడి సేవచేసిన పనివాడికి దక్కాయి. యువకుడిగా ఉన్న డార్విన్ ఓడ ఎక్కినప్పుడు వెంట తీసుకెళ్లిన పుస్తకాల్లో హంబోల్ట్ యాత్రా గ్రంథం ఒకటి.

పెరూ తీరం వెంట పారే చల్లని సముద్ర ప్రవాహానికి ఆయన పేరు పెట్టారు. ఆయన అందుకు ఒప్పుకోలేదు. ఆ ప్రవాహం సంగతి మూడు వందల ఏళ్లుగా అక్కడి జాలరి పిల్లలందరికీ తెలుసునని, తాను చేసిందల్లా దాని చల్లదనాన్ని మొదటగా కొలవడమేనని వాదించారు. పేరు మాత్రం అలాగే నిలిచిపోయింది.