పంచానన్ కర్మాకర్: అచ్చు అక్షరాలు చెక్కిన బెంగాల్ కమ్మరి.. ఆయన కార్ఖానాకు తెలుగుతో ఉన్న బంధం ఏమిటి?

ఖరగ్‌పూర్ ఐఐటీని ఆనుకుని ఉన్న ప్రేమ్ బజార్‌లో బెంగాలీ, హిందీ, ఒడియాతో పాటు తెలుగు కూడా వినిపిస్తుంది. రైల్వే ఉద్యోగాల కోసం ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన కుటుంబాలు ఈ ఊళ్లో తరాలుగా ఉంటున్నాయి. ఇక్కడ ఒకరు తెలుగులో, పక్కవారు బెంగాలీలో మెసేజ్ టైప్ చేస్తున్నా, రెండు తెరల వెనకా జరిగే పని ఒకటే.

ఉదాహరణకు 'స్త్రీ' అనే మాటను తీసుకుందాం. కంప్యూటర్ దృష్టిలో ఇది ఒక అక్షరం కాదు. స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం.. మొత్తం ఆరు సంకేతాలు. వాటిని వరుసగా పేర్చితే చదవలేం. త, ర రెండూ వత్తులుగా మారి కిందికి దిగాలి. చివర టైప్ చేసిన గుడిదీర్ఘం వెనక్కి వచ్చి స తలపైన కూర్చోవాలి. బెంగాలీలో చిక్కు మరో రకం. అక్కడ ఇకారపు గుర్తు హల్లు తర్వాత పలికినా, రాతలో మాత్రం హల్లుకు ముందే నిలబడుతుంది.

ఈ సర్దుబాటంతా అక్షరాలను పేర్చే సాఫ్ట్‌వేర్ చేస్తుంది. సంకేతాలను చూసి ఏ రూపం వాడాలి, దాన్ని ఎక్కడ ఉంచాలి అని ఫాంట్‌లోని పట్టికలను అడుగుతుంది. కంప్యూటర్లు లేని రోజుల్లో ఈ రెండు ప్రశ్నలకూ జవాబు ఉక్కు ముక్క మీద ఆకురాయితో చెప్పాల్సి వచ్చేది. బెంగాలీ లిపికి అలా జవాబు చెప్పిన తొలి భారతీయుడిగా చరిత్రలో నిలిచిన పేరు పంచానన్ కర్మాకర్.

ఖరగ్‌పూర్ నుంచి హావ్‌డాకు రైల్లో సుమారు 115 కిలోమీటర్లు. అక్కడి నుంచి నది పడమటి గట్టు వెంబడి పైకి వెళితే శ్రీరాంపూర్, హుగ్లీ, త్రివేణి వస్తాయి. పంచానన్ జీవితంలో ఎక్కువ భాగం ఆ నది పక్కనే గడిచింది.

లోహంపై రాత వారి కులవృత్తి

పంచానన్‌ది త్రివేణికి చెందిన కమ్మరి కుటుంబం. రాగిరేకులు, ఆయుధాలు, లోహపు పాత్రల మీద పేర్లు, అలంకారాలు చెక్కడం ఆ ఇంటి పని. లోహం ఎక్కడ లొంగుతుందో, ఎక్కడ విరుగుతుందో ఆయనకు చిన్నప్పటి నుంచే తెలుసు. అక్షరం వంపు కూడా ఆ చేతికి కొత్త కాదు.

అదే సమయంలో ఈస్టిండియా కంపెనీకి ఒక అవసరం వచ్చిపడింది. బెంగాల్‌ను పాలించాలంటే కంపెనీ ఉద్యోగులకు ఆ భాష రావాలి. నథానియెల్ హాల్‌హెడ్ అనే ఉద్యోగి బెంగాలీ వ్యాకరణం రాశారు. వివరణ ఇంగ్లిష్‌లో సాగినా, ఉదాహరణలు బెంగాలీ లిపిలోనే ఉండాలి. అంతకుముందు విలియం బోల్ట్స్ లండన్‌లో బెంగాలీ అక్షరాలు తయారు చేయించేందుకు ప్రయత్నించినా అది ఫలించలేదు. లిపి తెలియని చేతులకు దాని వంపులు పట్టుబడలేదు.

ఆ బాధ్యతను కంపెనీలోనే పనిచేస్తున్న చార్లెస్ విల్కిన్స్ తీసుకున్నారు. తర్వాత 1785లో భగవద్గీతకు తొలి ఇంగ్లిష్ అనువాదం ప్రచురించింది ఈయనే. అక్షరాలు చెక్కడంలో ఆయనకు సహాయంగా వచ్చిన వ్యక్తే పంచానన్.

పాత్ర మీద అక్షరం చెక్కడం, అచ్చుకు అక్షరం చెక్కడం ఒకటి కాదు. పాత్ర మీద గీతను తవ్వుతారు. ఇక్కడ గీతను వదిలేసి దాని చుట్టూ ఉన్న ఉక్కును తొలగించాలి. అదీ అద్దంలో కనిపించినట్టు తిరగేసి. ఆ ఉక్కు ముక్కను కాల్చి గట్టిపరిచి, రాగి దిమ్మె మీద ఉంచి కొడితే లోతైన ముద్ర పడుతుంది. దానిలో కరిగిన సీసపు మిశ్రమం పోస్తే అచ్చు అక్షరం తయారవుతుంది. సీసం అరిగిపోతే మళ్లీ పోసుకోవచ్చు. ఉక్కు పోగొట్టుకుంటే మాత్రం పని మొదటికొస్తుంది.

ముందుమాటలో లేని పేరు

1778లో హుగ్లీలో హాల్‌హెడ్ వ్యాకరణం అచ్చయింది. విడి అక్షరాలతో బెంగాలీ లిపి ముద్రణకు ఈ పుస్తకాన్నే ఆరంభంగా చెబుతారు. రచయిత తన ముందుమాటలో విల్కిన్స్‌ను గొప్పగా మెచ్చుకున్నారు. లోహాన్ని సిద్ధం చేయడం, చెక్కడం, పోత పోయడం, అచ్చు వేయడం.. అన్నీ ఆయన ఒక్కరే చేశారన్నట్టు రాశారు. ఆ ముందుమాటలో పంచానన్ పేరు లేదు.

విల్కిన్స్ శ్రమ తక్కువదేమీ కాదు. లిపిని అధ్యయనం చేసిందీ, పనిని నడిపించిందీ ఆయనే. కానీ ఇలాంటి పని ఒక్కరి వల్ల అయ్యేది కాదు. కూలి తీసుకుని పనిచేసిన స్థానిక కళాకారుడిని పుస్తకంలో ప్రస్తావించే అలవాటు ఆనాటి పాలకులకు లేదు. పంచానన్ పేరు మనదాకా వచ్చిందంటే, ఆ తర్వాత ఆయన చేసిన పని వల్లే.

వ్యాకరణం వెలువడిన మరుసటి ఏడాది, 1779లో, పంచానన్ విల్కిన్స్‌తో కలిసి కలకత్తాలోని కంపెనీ ముద్రణాలయానికి వెళ్లారు. 1786లో విల్కిన్స్ ఇంగ్లాండ్ తిరిగి వెళ్లిపోయారు. పంచానన్ చేతిలోని విద్య మాత్రం ఇక్కడే ఉండిపోయింది.

శ్రీరాంపూర్‌లో కార్ఖానా

1800లో విలియం కేరీ, జాషువా మార్ష్‌మన్, విలియం వార్డ్ శ్రీరాంపూర్‌లో మిషన్ ముద్రణాలయం మొదలుపెట్టారు. అప్పట్లో ఆ ఊరు డెన్మార్క్ ఏలుబడిలో ఉండేది. మత గ్రంథాలను అనేక భాషల్లో అచ్చు వేయాలన్నది వారి లక్ష్యం. డబ్బు తక్కువ, లిపులు ఎక్కువ. సరిగ్గా ఆ సమయంలో పంచానన్ వారి దగ్గర చేరారు. ఆయన సాయంతోనే అక్కడ అక్షరాలు పోసే కార్ఖానా ఏర్పాటైంది. 1801లో కేరీ బెంగాలీ కొత్త నిబంధన అచ్చయింది.

ఆ తర్వాత పంచానన్ నాగరి లిపి మీద పడ్డారు. సంస్కృతంలో హల్లు మీద హల్లు చేరి సంయుక్తాక్షరాలు పుడతాయి. ఒక్కోదానికి ఒక్కో రూపం చెక్కుకుంటూ పోతే నాగరి పట్టిక దాదాపు 700 ముక్కలకు చేరింది. ఇవాళ యూనికోడ్‌లో తెలుగు లిపికి కేటాయించిన స్థానాలు 128. పలికే అక్షరాల సంఖ్యకూ, కంటికి కనిపించే రూపాల సంఖ్యకూ ఉన్న తేడా అది. ఇప్పటి ఫాంట్ రూపకర్తలు తెర మీద తేల్చుకునే లెక్కను ఆయన ఉక్కు మీద తేల్చుకోవాల్సి వచ్చింది.

ఆ పని సాగుతుండగానే, 1804 ప్రాంతంలో, పంచానన్ మరణించారు.

మామూలుగా అయితే కార్ఖానా అక్కడితో ఆగిపోవాలి. అలా జరగలేదు. ఆయన తన విద్యను దాచుకోకుండా కొంతమందికి నేర్పారు. వారిలో ముఖ్యుడు అల్లుడు మనోహర్ కర్మాకర్. మనోహర్ సుమారు నాలుగు దశాబ్దాలు అక్కడే పనిచేసి అనేక లిపులకు, చివరకు చైనీస్‌కు కూడా అక్షరాలు చెక్కారు. కాగితం ఖర్చు తగ్గించేందుకు అక్షరాల పరిమాణాన్ని చిన్నది చేయడం కూడా ఈ కార్ఖానా సాధించిన వాటిలో ఒకటి.

మంటల్లో కాలిన తెలుగు వ్యాకరణం

తెలుగు అచ్చు చరిత్ర బెంగాల్‌లో మొదలు కాలేదు. బెంజమిన్ షుల్జ్ తెలుగు పుస్తకాలు 1746-47లోనే జర్మనీలోని హాలేలో అచ్చయ్యాయి. అయితే మన దేశంలో తెలుగు ముద్రణ తొలి అడుగుల్లో శ్రీరాంపూర్‌కు చోటుంది. విశాఖపట్నంలో అగస్టస్ డెస్‌గ్రాంజెస్ తెలుగు చేసిన సువార్తలు, ఆయన చనిపోయిన రెండేళ్లకు, 1812లో ఇక్కడే వెలువడ్డాయి. కేరీ ఒక తెలుగు వ్యాకరణం కూడా సిద్ధం చేస్తున్నారు.

1812 మార్చి 11 సాయంత్రం ముద్రణాలయంలో మంటలు లేచాయి. 14 ప్రాచ్య భాషల అచ్చు అక్షరాలు కరిగి సీసపు ముద్దలయ్యాయి. 1,200 రీముల కాగితం, ఎన్నో ఏళ్ల రాతప్రతులు బూడిదయ్యాయి. తెలుగు వ్యాకరణం కూడా అందులో పోయింది.

బూడిద తవ్వితే ఉక్కు ముక్కలు, రాగి దిమ్మెలు చెక్కుచెదరకుండా దొరికాయి. కరిగిన సీసాన్నే పోగు చేసి, అవే దిమ్మెల్లో మళ్లీ పోశారు. కొద్ది వారాల్లోనే ముద్రణ తిరిగి మొదలైంది. దిమ్మెలతో పాటు, వాటితో ఏం చేయాలో తెలిసిన మనుషులూ అక్కడ మిగిలి ఉన్నారు. వారు పంచానన్ పెట్టిన బడిలో తయారైనవారు.

కేరీ వ్యాకరణాన్ని మళ్లీ రాశారు. 1814లో అది శ్రీరాంపూర్‌లోనే అచ్చయింది. మద్రాసులో ఏ.డి. క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణం వచ్చింది 1816లో. శ్రీరాంపూర్ నుంచి 1818లో తెలుగు కొత్త నిబంధన కూడా వెలువడింది. తెలుగువారికి ప్రియమైన సి.పి. బ్రౌన్ 1798లో పుట్టింది కలకత్తాలోనే. ఆయన తండ్రి డేవిడ్ బ్రౌన్ కేరీకి మిత్రుడు, శ్రీరాంపూర్‌లోని ఆల్డీన్ హౌస్‌లో నివసించారు. తెలుగుకు మేలు చేసిన దారులు కొన్ని ఈ చిన్న ఊరి మీదుగా వెళ్లాయి.

1801-1832 మధ్య శ్రీరాంపూర్ ముద్రణాలయం 40 భాషల్లో 2,12,000 ప్రతులు అచ్చు వేసింది. వాటి మీద అనువాదకుల పేర్లు, ముద్రణాలయం పేరు కనిపిస్తాయి. అక్షరం చెక్కిన వారి పేరు రాసే చోటు వాటిలో లేదు.

ఇప్పుడు ఆ చోటు ఉంది. ప్రతి ఓపెన్‌టైప్ ఫాంట్ ఫైలులోనూ రూపకర్త పేరు నమోదు చేయడానికి ప్రత్యేకంగా ఒక వరుస కేటాయించారు. అయినా 'పోతన', 'వేమన' ఫాంట్లలో ఏళ్ల తరబడి చదివినవారిలో తిరుమల కృష్ణ దేశికాచార్యుల పేరు ఎందరికి తెలుసు? హాల్‌హెడ్ ముందుమాటలో పంచానన్ పేరు లేకపోవడం ఆనాటి పాలకుల తీరు. రాసి ఉన్న పేరును కూడా తెరిచి చూడకపోవడం మాత్రం పూర్తిగా మన అలవాటే.