సర్ అక్బర్ హైదరీ

సర్ అక్బర్ హైదరీ (1869 నవంబరు 8 - 1942 జనవరి) హైదరాబాదు సంస్థానపు ఆర్థిక మంత్రిగా, తరువాత ప్రధానమంత్రిగా పనిచేసిన పాలనాదక్షుడు. నవాబ్ హైదర్ నవాజ్ జంగ్ అనేది ఈయన బిరుదు.

తొలి జీవితం

హైదరీ బొంబాయిలో ఒక సులేమానీ బోహ్రా కుటుంబమున జన్మించాడు. 1888లో బ్రిటిషు ప్రభుత్వ ఆర్థిక శాఖలో చేరాడు. 1905లో అకౌంటెంట్ జనరలుగా హైదరాబాదుకు వచ్చాడు. భార్య అమీనా హైదరీ 1908 నాటి మూసీ వరదలలో బాధితులకు విశేష సేవ చేసి కైసరే హింద్ పతకము పొందినది. హోం కార్యదర్శిగా ఉన్న కాలంలో ఉర్దూ మాధ్యమంతో విశ్వవిద్యాలయము నెలకొల్పవలెనని హైదరీ నిజామునకు నివేదిక సమర్పించాడు. తత్ఫలితముగా 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము ఏర్పడినది.

ఆర్థిక సంస్కరణలు

1921లో ఈయన ఆర్థిక, రైల్వే శాఖల మంత్రి అయ్యాడు. అంతకు పూర్వము శాఖలకు ఏటేటా నిధులు కేటాయించెడివారు. 1922లో హైదరీ ఒక్కొక్క శాఖకు మూడేళ్ళకు సరిపడు మొత్తమును ముందే నిర్ణయించే పద్ధతి ప్రవేశపెట్టాడు. మిగులును కరువు నివారణ, పరిశ్రమల వంటి ప్రత్యేక నిధులకు మళ్ళించాడు.

లండను కంపెనీ నడుపుచున్న నిజాం రైల్వేను 1930లో సంస్థానము కొనుగోలు చేసినది. దానితో నాంపల్లి స్టేషను కూడ ప్రభుత్వపరమైనది. 1932లో రైల్వే శాఖ క్రింద 27 బస్సులతో రోడ్డు రవాణా ప్రారంభమైనది. నగరాభివృద్ధి సంస్థ 1935లో నిజాం రెండవ కుమారుడైన మొజంజా పేరిట మొజంజాహీ మార్కెట్ నిర్మించినది కూడ ఈయన ఆర్థిక మంత్రిగా ఉన్నప్పుడే.

విమర్శలు

ఈ వ్యయప్రాధాన్యములపై భిన్నాభిప్రాయములు ఉన్నాయి. ఆర్థిక మాంద్యపు రోజులలో సైతము ఖజానాను నిలబెట్టాడని, సంస్థానమునకు సొంత ఆస్తులు సమకూర్చాడని సమర్థకులు చెప్పుదురు. రైతు చెల్లించిన శిస్తు అతని గ్రామమునకు తిరిగి చేరలేదని విమర్శకుల వాదన. ఉన్నత విద్య ఉర్దూలో సాగుచుండగా తెలుగు పిల్లలకు మాతృభాషలో బడులు చాలకుండెను. 1930లో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన జోగిపేటలో తొలిసారి సమావేశమైన నిజాం రాష్ట్ర ఆంధ్రమహాసభ తెలుగు విద్య కొరకు ఉద్యమించినది. తరువాతి సభలలో వెట్టిచాకిరి రద్దు, శిస్తు తగ్గింపు ముఖ్యమైన కోర్కెలయ్యాయి.

అయితే మంత్రి చేతిలో ఉన్నది దివానీ భూముల ఆదాయము మాత్రమే. నిజాము సొంత సర్ఫేఖాస్ భూముల రాబడి సంస్థానపు బడ్జెటు వెలుపల ఉండెడిది. జాగీర్ల శిస్తు జాగీర్దారులకే చెందెడిది. ఏ పన్ను తగ్గించవలెనో, దేనికి ఖర్చు చేయవలెనో నిర్ణయించు అధికారము గల ప్రజా శాసనసభ కూడ లేదు.

ప్రధానమంత్రిగా

రౌండ్ టేబుల్ సమావేశములలో హైదరాబాదు ప్రతినిధి వర్గమునకు నాయకత్వము వహించిన హైదరీ 1937లో మహారాజా కిషన్ ప్రసాద్ తరువాత ప్రధానమంత్రి అయ్యాడు. 1938లో హైదరాబాదు స్టేట్ కాంగ్రెసు నిషేధమునకు గురైనది, వందేమాతరం ఉద్యమము సాగినది. 1941లో హైదరాబాదు స్టేట్ బ్యాంకు స్థాపనకు చట్టము వచ్చినది. దాని ప్రధాన కార్యాలయము ఆబిడ్స్ సమీపమున గన్‌ఫౌండ్రీలో ఉండెడిది. ఆ బ్యాంకు 2017లో భారతీయ స్టేట్ బ్యాంకులో విలీనమైనది.

మరణం

1941లో పదవి వీడి వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో చేరిన హైదరీ, 1942 జనవరిలో మరణించాడు. ఇదే పేరు గల ఈయన కుమారుడు స్వాతంత్ర్యానంతరము అస్సాం గవర్నరుగా పనిచేశాడు.